కులపతి
(వేంకటరత్నము నాయుడుగారి స్మారకసభలో, ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ఉపాధ్యాయుని స్మరించుట కష్టమైన పని. కవి పోయినను కావ్యము మిగులును. రాజు పోయినను కోట మిగులును; కోట కూలినను పేరు చెక్కిన రాయి యొక్కటి మిగులును. ఉపాధ్యాయుడు పోయిన పిమ్మట ఏమి మిగులును? శిష్యులు మిగులుదురు, కాలక్రమమున వారును పోదురు. వారు తమ బిడ్డలకు, తమ శిష్యులకు అందించిన దానిలో ఆ గురువుపాలు ఎంతయో తూచి చెప్పగల త్రాసు లోకమున లేదు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువుచేత ఉప్పుగల్లును నీటవేయించి, మరునాడు తెమ్మనగా అది కంటికి కనబడలేదు. కాని ఏ వైపున రుచిచూచినను ఉప్పే. ఉత్తముడైన ఉపాధ్యాయుని యశస్సు అట్టిది. కంటికి కనబడదు, రుచి తెలిసినవారికే తెలియును.

ఇరువదవ శతాబ్దపు ఆంధ్రదేశమను పాత్రలో అట్లు కరగిపోయిన ఉప్పుగల్లు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు. ఆయన కన్నుమూసి ఎనుబదియేండ్లు దాటినవి. ఆయన పాఠములు విన్న తరము గతించినది. "బ్రహ్మర్షి" యనియు, "అపర సోక్రటీసు" అనియు, "కులపతి" యనియు నాటివారు ఆయనకిచ్చిన బిరుదములను మనము నేడు పుస్తకములలో చదువుచున్నాము. కాని అవి ఎందుకిచ్చిరో అడుగుట మానితిమి. బిరుదములను జపించుటకు సభ అక్కరలేదు. ఆ ఒక్క ప్రశ్నను మరల అడుగుటకే మనము నేడు కూడితిమని నా తలంపు.

ఆయన 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. పటాలము ఎచ్చటికి కదలిన కుటుంబమును అచ్చటికి కదలవలసినదే. కావున ఈ బందరు బిడ్డ బాల్యము కొంత ఉత్తరదేశమున, కొంత హైదరాబాదున గడచినది. తెలుగుతోపాటు హిందూస్థానీ, పారసీ పలుకులు చిన్ననాటనే చెవిని బడినవి. దేవుని నామము ఒక భాషలోనే కాక పెక్కు భాషలలో పలుకబడుట బాల్యముననే విన్నవానికి, ఆ నామముల వెనుకనున్నవాడు ఒక్కడేయను మాట తరువాత నమ్ముట సులభమైనదేమో! ఒక సైనికుని ఇంట పుట్టి క్రమశిక్షణను, పలుజాతుల నడుమ పెరిగి ఉదారతను ఆయన చదువునకు ముందే నేర్చిరని చెప్పవచ్చును.

పిమ్మట చెన్నపట్టణమున క్రైస్తవ కళాశాల. దానికి నాడు అధ్యక్షుడు విలియం మిల్లరు దొర. స్కాట్లండునుండి మతప్రచారమునకై వచ్చిన ఆ పెద్దమనిషి, పిల్లలను తన మతమునకు త్రిప్పుటకంటె వారిని మనుష్యులుగా తీర్చుటయే కళాశాల పనియని నమ్మినవాడు. ఆయన బ్రతికియుండగనే శిష్యులు 1901లో ఆయనకు విగ్రహమెత్తిరి. నాయుడుగారికి ఉపాధ్యాయత్వమన నేమో కంటికి కనబడినది అచ్చటనే. ఒక వింత గమనింపుడు. మిల్లరు శిష్యుడై ఆయన క్రైస్తవుడు కాలేదు. కాని క్రీస్తునందలి భక్తి ఆయనను జీవితాంతము విడువలేదు. ఆంగ్లసాహిత్యమును ప్రాణముగ చదివి ఆయన దొర కాలేదు. కాని ఆ సాహిత్యములోని నీతిని తన దేశపు బాలురకు పంచిపెట్టిరి. పరులనుండి గ్రహించుటకును, పరులకు లొంగుటకును గల భేదము తెలిసిన బుద్ధి అది.

1828లో రామమోహనరాయలు వంగదేశమున నాటిన బ్రహ్మసమాజము అప్పటికి చెన్నపట్టణమునకును ప్రాకినది. విగ్రహములేని ఒక్క దేవుని ఆరాధన, కులములేని మానవసోదరత్వము, ఏ మతగ్రంథమునందైనను సత్యమున్న శిరసావహించుట అను మూడు మాటలలో ఆ మతమును చెప్పవచ్చును. యువకుడైన నాయుడుగారు దానిని స్వీకరించిరి. స్వీకరించినవారు పలువురు గలరు. ఆదివారము ప్రార్థనలో బ్రహ్మసమాజికులై, సోమవారము పెండ్లిపందిటిలో కులమువారైనవారు ఆ కాలమున కొదువలేదు. నాయుడుగారి విశ్వాసమునకు వారములేదు. అది ఏడు దినముల విశ్వాసము.

దానికి పరీక్షయు త్వరగనే వచ్చినది. యౌవనముననే ఆయన భార్య గతించెను. మగవానికి రెండవ పెండ్లి, మూడవ పెండ్లి భోజనమువలె సహజమైన కాలమది. చదివినవాడు, ఉద్యోగస్థుడు, పిల్లనిచ్చువారు గుమ్మమున నిలిచియుందురు. ఆయన మరల వివాహమాడలేదు. తెల్లని వస్త్రములు ధరించి, బ్రహ్మచర్యమును పూని, మిగిలిన దీర్ఘజీవితము నట్లే గడపిరి. ఆ తెల్లని దుస్తులనుగూర్చి నాటివారెందరో చెప్పుకొనిరి. వితంతువునకు మాత్రమే శోకచిహ్నమును విధించి, భార్య పోయినవానికి పండ్రెండవనాడే పెండ్లిమాట లాడుచుండిన సంఘమునకు ఆ తెల్లని అంగరఖా ఒక నిశ్శబ్దమైన ప్రశ్న. స్త్రీకొక ధర్మము, పురుషునకొక ధర్మమా? వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వితంతువివాహము చేయించి ఆ ప్రశ్నను ఒక వైపునుండి అడిగిరి. నాయుడుగారు రెండవ వైపునుండి, తన దేహముతోనే, అడిగిరి.

ఉద్యోగము ఆయనను తిరిగి బందరునకు తెచ్చినది. రాబర్టు నోబుల్ అను మిషనరీ 1843లో స్థాపించిన పాఠశాల పెరిగి కళాశాలయైనది. అచ్చట నాయుడుగారు 1890వ దశకమున బోధించిరి. ఆ కళాశాలయందు ఆయన పాఠములు విన్న బాలురలో కొందరి పేర్లు చెప్పెదను. మీకు పరిచయము అక్కరలేదు. ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, కోపల్లె హనుమంతరావుగారు. ఒకరు 1907 మొదలు 1945లో గతించువరకు కృష్ణాపత్రికకు సంపాదకులు. ఒకరు కాంగ్రెసు చరిత్రను వ్రాసి, 1948లో జయపూరు కాంగ్రెసునకు అధ్యక్షత వహించినవారు. ఒకరు 1910లో తెరచిన ఆంధ్ర జాతీయ కళాశాలకు తన యౌవనమును, ఆస్తిని, చివరకు ప్రాణమును ధారవోసి 1922లో కన్నుమూసినవారు. ఒక్క ఊరు, ఒక్క కళాశాల, ఒక్క గురువు! ఉప్పు ఎచ్చట కరగెనో ఇప్పుడు మీకు రుచి తెలియుచున్నది గదా.

ఆ కాలముననే ఆయన సాంఘిక పవిత్రతోద్యమమును ప్రారంభించిరి. నాటి స్థితిని నేటివారు ఊహింపజాలరు. ధనికుని ఇంట పెండ్లియన భోగముమేళము ఉండవలెను. కలెక్టరుదొర వచ్చిన మేళము, జమీందారుని పుట్టినదినమునకు మేళము, ఉత్సవమునకు మేళము. మేళము పెట్టనివాడు పిసినారి. ఉంపుడుగత్తె లేనివాడు పెద్దమనుష్యుడు కాడు. న్యాయవాదులు, ఉద్యోగస్థులు, పండితులు ముందువరుసను కూర్చుండువారు. వారి బిడ్డలు వెనుకనుండి చూచి, పెద్దరికమన నిదియే కాబోలునని నేర్చుకొనువారు. దీనిపై వీరేశలింగము పంతులుగారు తమ పత్రికయందు కత్తి దూసిరి. నాయుడుగారి ఆయుధము వేరు. ఆయన బాలురను చేరదీసి, భోగముమేళమున్న సభకు పోనని, తన నడవడిని శుచిగ నుంచుకొందునని వారిచేత ప్రతిజ్ఞ చేయించిరి. తాముకూడ, పిలిచినవాడు ఎంతటివాడైనను, మేళమున్న చోట కాలుపెట్టలేదు.

ఈ పద్ధతిలోని సూక్ష్మమును గమనింపుడు. ఆయన ప్రభుత్వమును శాసనము చేయుమని కనిపెట్టుకొని కూర్చుండలేదు. ఆచారము గొప్పవారి గౌరవముపై నిలిచినదని ఆయనకు తెలియును. గౌరవమును తీసివేసిన ఆచారము తనంతట కూలును. పదునారేండ్ల బాలుడు తన బాబాయి పెండ్లికి రానని చెప్పిన ఇంట ఏమి జరుగునో మీరే ఊహించుకొనుడు. కోపము, ఎగతాళి, పిమ్మట ఆలోచన. ఒక తరములో ఆ సభలు వెలవెలబోయినవి. పాఠశాలగదిలో చెప్పిన మాట పెండ్లిపందిటివరకు నడచిపోయినదన, ఆ మాట చెప్పినవాని నడవడి ఎంత బలమైనదై యుండవలెను!

1899లో సికిందరాబాదు మహబూబు కళాశాలకు ఆయన అధ్యక్షులైరి. అమెరికాకు పోకముందు వివేకానందస్వామి 1893 ఫిబ్రవరిలో ఉపన్యసించినది ఆ కళాశాలయందే. అచ్చట ఐదేండ్లు పనిచేసి, 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా వచ్చిరి. 1919వరకు ఆ పీఠమున నున్నారు. ఆ పదునైదేండ్లును ఆయన జీవితమునకు మధ్యాహ్నము.

"కులపతి" యను మాటకు ప్రాచీనులు చెప్పిన అర్థము మనవారు మరచినారు. పదివేలమంది శిష్యులకు అన్నముపెట్టి, పోషించి, విద్యచెప్పువాడు కులపతి. ముందు అన్నము, పిమ్మట విద్య. నేడు కళాశాలాధ్యక్షుడన గుమాస్తాలపై సంతకములు చేయు పెద్దగుమాస్తాయైన చోటులు లేకపోలేదు. కాకినాడయందు నాయుడుగారు ఆ ప్రాచీనార్థమును మరల బ్రతికించిరి. ఆయన జీతము ఆయనది కాదు. ఫీజు కట్టలేని బాలునిది, పుస్తకము కొనలేని బాలునిది, తల్లిదండ్రులు లేని శిశువుది. అనాథలను తన ఇంటనే ఉంచుకొని పెంచిరి. ఎవరి కులమేమియో ఆ ఇంట అడిగినవారు లేరు. పంచములని ఊరివెలుపల నుంచబడిన బిడ్డలకు కళాశాల గుమ్మము తెరచిరి. వారుండుటకు వసతి కల్పించుటకు పాటుపడిరి. ఆడుపిల్ల గడప దాటుటయే వింతయైన ఆ దినములలో వారిని బాలురతోపాటు కళాశాలలో చేర్చుకొనిరి.

ఈ మూడు పనులలో ఏ యొక్కటియైనను ఒక అధ్యక్షుని పదవినుండి దింపుటకు నాడు చాలియుండెడిది. ఊరి పెద్దలు ఆక్షేపింపకుందురా? పిల్లలను మాన్పించెదమని బెదరింపకుందురా? ఆయనకు అండగా నిలిచినవారు పిఠాపురము మహారాజు శ్రీ రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు. మహారాజు ఆయనను గురువుగా వరించిరి. గురుదక్షిణగా ఏనుగులు, అగ్రహారములు ఇచ్చుట పాతకాలపు వాడుక. ఈ గురువు కోరిన దక్షిణ వేరు: అనాథలకు శరణాలయము, పేదలకు వసతిగృహములు, బ్రహ్మోపాసనకు మందిరము. కాకినాడలో అవి వెలసినవి. సూర్యరాయాంధ్రనిఘంటువు ఏ మహారాజు పేర వెలసినదో తెలుగు చదివినవారందరు నెరుగుదురు; ఆ దాతృత్వమునకు ధర్మమార్గమును చూపిన చేయి ఎవరిదో ఎరిగినవారు తక్కువ. సంస్థానాధిపతులకు మేళములు, వేటలు తప్ప వేరు వ్యసనము లేదనుకొన్న కాలమున, ఒక ఉపాధ్యాయుడు ఒక జమీందారునకు ధర్మవ్యసనము నంటించెను!

తరగతిగదిలో ఆయన చెప్పినది ఆంగ్లసాహిత్యము. ఆయన ఆంగ్లవక్తృత్వము నాటి దేశమున పేరుపడినది; ఏకేశ్వరవాదుల మహాసభలలో ఉత్తరదేశమువారును విని మెచ్చిరి; ఆ ఉపన్యాసములు పిమ్మట సంపుటములుగా వెలువడినవి. కాని శిష్యులు జ్ఞాపకముంచుకొన్నది వాక్యముల సొంపు మాత్రమే కాదు. పరీక్షకు కావలసిన అర్థమును చెప్పి ఊరకుండక, ఆ కవి పలికిన ధర్మము విద్యార్థి బ్రతుకునకు ఎట్లు తగులునో చూపునట్టి బోధ ఆయనది. ప్రార్థనకును పాఠమునకును నడుమ ఆయనకు గోడ లేదు. సత్యమును వెదకుట దైవారాధన. బాలుని మనస్సును తెరచుట దైవారాధన. కనుక ఆయన మతమును బోధింపనక్కరలేకపోయెను. మతస్థుడుగా బోధించిరి, అంతియ చాలును.

ఇట్లు తీర్చబడినవారు అందరును ఒక అచ్చున పోసిన బొమ్మలైరా? కాలేదు. ఇందులోనే ఆ గురువు గొప్పతనము నాకు గోచరించుచున్నది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కళాశాల నీడను పెరిగి, బ్రహ్మసమాజ భావములను పుణికిపుచ్చుకొని, భావకవిత్వమునకు గళమైరి. గుడిపాటి వేంకటచలముగారు అచ్చటనే చదివి, ఆ గురువు ప్రభావముననే కులాచారములను త్రెంచుకొని, తుదకు గురువు పవిత్రతయని దేనిని చెప్పెనో దానినే ప్రశ్నించు గ్రంథములు వ్రాసిరి. ఒకరు పాటయైరి, ఒకరు తిరుగుబాటైరి. బందరు శిష్యులు జాతీయోద్యమపు దారిపట్టిరి. నమ్మినదానికై లోకమునెదిరించి నిలువవచ్చునను ఒక్క పాఠము మాత్రము అందరికిని ఉమ్మడి. శిష్యుడు తన్ను దాటిపోవుటకు దారి విడిచినవాడే గురువు, తక్కినవారు కాపరులు.

సోదరులారా, స్తోత్రము ఇంతటితో ముగించి కూర్చుండిన సభ సంతోషించును. కాని ఆయన సత్యోపాసకుడు. సత్యోపాసకుని స్మృతిసభలో ఆక్షేపణలను దాచుట ఆయనకు అవమానము. రెండు ఆక్షేపణలను మీ ముందుంచెదను.

మొదటిది జాతీయవాది చేయునది. దేశము స్వరాజ్యమునకై చెరసాలలు నింపుచున్నప్పుడు ఈయన ఏమి చేసిరి? 1912లో దివానుబహద్దరు బిరుదము. 1924లో సర్ బిరుదము. 1925 మొదలు 1928వరకు చెన్నపురి విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షపదవి. గాంధిమహాత్ముడు కళాశాలలను విడువుడని పిలిచిన కాలమున ఆయన సహాయనిరాకరణమున చేరలేదు. ఇది నిజము. దీనిని కప్పిపుచ్చ పనిలేదు. బిరుదములను విసరివేసిన వీరుల వరుసలో ఆయన పేరు చేర్చుట చరిత్రకు ద్రోహము.

అయినను చరిత్రను మరియొక వైపునుండి చూడుడు. దాస్యము రెండు విధములు. పరులు మనపై వేసిన సంకెల ఒకటి. మనము మన సోదరునిపై, మన సోదరిపై, మన మనస్సుపై వేసికొన్న సంకెల రెండవది. మొదటిదానిని త్రెంచుటకు బయలుదేరినవారికి చేతులలో బలము కావలెను. ఆ బలము శీలమునుండి వచ్చును. జాతీయ కళాశాల కట్టిన చేతులు, జాతీయపత్రిక నడపిన చేతులు బాల్యమున ఎవరి పాఠశాలలో బలిసినవి? ప్రభుత్వబిరుదమును ధరించిన గురువు, ప్రభుత్వమును ధిక్కరించిన శిష్యులను కనెను. ఆయన బిరుదములు ఆయనతో పోయినవి. శిష్యుల స్వాతంత్ర్యము దేశమునకు మిగిలినది. ఈ లెక్కలో ఏది ఎక్కువయో మీరే తేల్చుకొనుడు.

రెండవ ఆక్షేపణ మొదటిదానికంటె గట్టిది. దానిని నేటి స్త్రీలు చేయుచున్నారు. సాంఘిక పవిత్రతయని మీరు పొగడుచున్నారే, మేళము మానిపించితిరే, ఆ మేళములో ఆడినదాని గతి ఏమైనది? మేళము పెట్టించిన పెద్దమనిషి తెల్లవారి సంస్కర్తయై పత్రికకెక్కెను. ఆడినది అన్నములేక, విద్యకు విలువలేక, కులముపేరు చెప్పుకొనలేక మిగిలెను. గురజాడ అప్పారావుగారు ఈ ప్రశ్నను నూరేండ్లకు ముందే అడిగిరి. 1909 నాటి కన్యాశుల్కమున సౌజన్యారావుపంతులు వేశ్యను తాకడు, మంచివాడే. ఎదుట నిలిచిన మధురవాణిలోని మనుష్యురాలిని గుర్తింపజాలని మంచితనము మంచితనమగునా యని ఆ నాటకము మనలను నిలదీయును. దేవదాసీలుగా అర్పించుటను నిషేధించిన మదరాసు శాసనము 1947లో వచ్చెను. దురాచారము పోయినది, పోవలసినదే. దానితోపాటు తరతరములుగా కళావంతులు కాపాడిన నృత్యము, పదము, అభినయము చిన్నబోయినవి. ఇటీవలి దశకములలో ఆ కళను వృద్ధనర్తకులనుండి నేర్చి మరల రంగమెక్కించుటకు ఎంతో శ్రమ కావలసివచ్చినది.

ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానము లేదు. ఉన్నదని చెప్పుట న్యాయము కాదు. పవిత్రతోద్యమము కళను, వ్యభిచారమును వేరుచేసి చూడలేదు. కాని రెండు మాటలు చెప్పవచ్చును. నాయుడుగారు నియమము విధించినది ముందుగ పురుషునకు, చూచువానికి, డబ్బిచ్చువానికి. దోషము ఆడుదానిపై మోపి తాను తప్పించుకొను సంఘములో అది చిన్నమాట కాదు. రెండవది, ఆయన ప్రారంభించిన పని ఆయనతో ఆగిపోలేదు. ఆయన నీడను పెరిగిన కృష్ణశాస్త్రిగారు కళావంతుల ఆడుబిడ్డలకు వివాహములు చేయించుటకు ఊరూర తిరిగిరి. ఆ వంశములలోనే పుట్టిన యామినీపూర్ణతిలకమ్మగారు నిరాధారస్త్రీలకు శరణాలయము నడపిరి. దేవదాసి తల్లికి పుట్టిన ముత్తులక్ష్మీరెడ్డిగారు వైద్యురాలై చెన్నపురి శాసనసభలో ఆ బాలికల పక్షమున మాటలాడిరి. గురువు సగము చెప్పిన మాటను తరువాతివారు పూరించిరి; పూరింపవలసినది ఇంకను మిగిలియున్నది. మహాపురుషుని గౌరవించుట యన ఆయన ఆగినచోట ఆగుట కాదు.

1925లో విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షపీఠము నెక్కినపుడు ఆయనకు అరువదిమూడేండ్లు. ఆ కాలముననే, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము అవతరించినది. సుబేదారు కుమారుడు, కులబలముగాని ధనబలముగాని లేనివాడు, దక్షిణదేశపు విద్యకు శిఖరమున కూర్చుండుట నాటి యువకులకు ఎంత ధైర్యమిచ్చియుండునో తలచుకొనుడు. శిఖరమునుండి దిగివచ్చి ఆయన చేరినది మరల కాకినాడకే, ఆ అనాథబాలుర నడుమకే, ఆ ప్రార్థనకే. వీరేశలింగము పంతులుగారు 1919 మే 27వ తేదీన గతించిరి. ఇరువది సంవత్సరములకు ఒక్క దినము తక్కువగా, 1939 మే 26వ తేదీన, నాయుడుగారు గతించిరి. ఆంధ్రదేశపు సంస్కరణచరిత్రలో వేసవి చివరిదినములు రెండుమార్లు దీపము నార్పినవి.

ఇక మన మాట. మన పట్టణములలో నేడు కళాశాలలు వీథికొక్కటి కలవు. వానిలో కొన్నిటికి గోడలపై ర్యాంకులు పొందిన బాలుర ముఖములు వ్రేలాడుచున్నవి. అక్కడ చదివి మనుష్యుడైనవాని ముఖము ఎచ్చట వ్రేలాడుచున్నది? ఫీజు కట్టలేదని పరీక్షకు నిలిపివేయబడిన బాలుని మనము ఎరుగుదుము. తరగతిలో తన కులము తెలిసినప్పటినుండి మాట తగ్గించిన బాలుని ఎరుగుదుము. మార్కుల భారముచేత ప్రాణము తీసికొన్న బిడ్డల వార్తలు ఈ పఠనమందిరపు బల్లపైననే మనము చదువుచున్నాము. చదివి, పుట త్రిప్పుచున్నాము. విద్యను అమ్ముట నేర్చినాము, కొనుటయు నేర్చినాము, ఇచ్చుట మరచినాము. వెనుకటివారు విద్యాదానమనిరి గాని విద్యావిక్రయమనలేదు.

నాయుడుగారివంటి గురువులు మరల పుట్టవలెనని ప్రార్థించి ఇండ్లకు పోవుట సులభము. ఆకాశమునుండి గురువులు ఊడిపడరు. మిల్లరువంటి గురువును చూచి వేంకటరత్నమును, వేంకటరత్నమును చూచి హనుమంతరావును పుట్టిరి. గొలుసులో ఒక కడియము మరియొక కడియమును పట్టుకొనును. నేడు మన ఊరిలో ఎచ్చటనో ఒక పంతులు తన జీతములోనుండి ఒక బాలుని ఫీజు కట్టుచున్నాడు. సాయంకాలము దీపము పెట్టుకొని చదువు తక్కువైన పిల్లలకు ఉచితముగ చెప్పుచున్నాడు. అతని పేరు పత్రికలలో రాదు. అతనిని వెదకి, అతని పనికి చేయూతనిచ్చుట ఈ సభ చేయదగిన మొదటి పని. ఈ పఠనమందిరమున సాయంకాలము రెండు గంటలు పేదబాలురకు బల్లయు, దీపమును, పుస్తకమును ఇచ్చుట రెండవ పని. దీనికి మహారాజు అక్కరలేదు. మనలో ప్రతివాడును తన పెండ్లిపందిటి ఆడంబరములో పదియవవంతు తగ్గించిన చాలును. నాడు మేళమునకు పోవు ధనమును గురువు ధర్మమునకు మళ్లించెను. నేటి మేళములు పేరుమారినవి గాని ఖర్చు మారలేదు.

మూడవ పని అన్నిటికంటె కష్టమైనది. నమ్మినదానిని ఏడు దినములును నమ్ముట. దేవుని నమ్మువాడు నమ్మినట్లు బ్రతుకుట. నమ్మనివాడు తాను నమ్మిన సత్యమునకు కట్టుబడి బ్రతుకుట. నాయుడుగారి దేవునికి విగ్రహము లేదు. కాని ఆయన విశ్వాసమునకు రూపము కలదు. అది ఫీజు కట్టబడిన బాలుని రూపము, గుమ్మము దాటిన పంచముని రూపము, పుస్తకము పట్టిన ఆడుబిడ్డ రూపము. ఆ రూపమును మన ఊరిలో మరల నిలుపుదము. అప్పుడు ఆయనకు వేరు స్మారకము అక్కరలేదు.